మెట్ల దగ్గర అమ్మ

మంచం ఖాళీగా ఉంది!

నూబియా చేతిలోని గిన్నె తొణికి వేళ్ళు కాలాయి. మరిగే పాలల్లో గుడ్డు కొట్టి, కొత్తిమీర వేసి, వేడి ఆరకుండా గుడ్డ చుట్టి అమ్మకోసం తెచ్చిన చంగువా అది. దుప్పటి పక్కకు తోసేసి ఉంది. అమ్మ ముక్కుకు ఉండాల్సిన ఆక్సిజన్ గొట్టం గోడకు వేలాడుతోంది. ఎక్కడికి తీసుకెళ్ళారు? ఐ.సి.యు.కా... లేక కింది అంతస్తుకా... కింద ఏ గది ఉందో తలుచుకోవడానికే ఆమెకు ధైర్యం చాలలేదు.

"మా అమ్మేది?" పక్క మంచం మీది ముసలావిడను అడిగింది.

"నడుచుకుంటూ వెళ్ళింది."

"మా అమ్మ నడవలేదండీ."

"ఆ సంగతి ఆవిడకు తెలిసినట్టు లేదమ్మా."

నూబియా గిన్నె అక్కడే పడేసినట్టు పెట్టి పరుగెత్తింది.

తల్లి ఎర్సీలియా, తున్హా పట్టణానికి పైనున్న కొండపల్లెలో బతుకంతా కట్టెల పొయ్యి ముందు కూర్చుని అరెపా అనే మొక్కజొన్న రొట్టెలు కాల్చి అమ్మింది. ఆ పొగే ఊపిరితిత్తులను తినేసిందన్నారు డాక్టర్లు. నూబియా నమ్మలేదు. పొయ్యి దగ్గర కాగిన ఒంటికి చలిగాలి తగిలితే లోపలంతా బిగుసుకుపోతుందని ఆ కొండల్లో పుట్టినవాళ్ళందరికీ తెలుసు. అందుకే ఆస్పత్రిలో చేర్చిన రోజునుంచీ కిటికీ మూసేసి, అమ్మకు రువానా ఉన్ని శాలువలు కప్పి, స్పూనుతో తినిపిస్తూ, పాదం చల్లటి నేలకు తగలనివ్వకుండా కాపాడుకుంటోంది. నడిపించడానికి థెరపిస్టు యామిలే వచ్చినప్పుడల్లా "నిద్రపోతోంది" అనేది. ఎర్సీలియా బుద్ధిగా కళ్ళు మూసుకునేది.

"పడుకునే కొద్దీ కాళ్ళు చచ్చుబడతాయి. అప్పుడు నాలుగడుగులకే ఆయాసం వస్తుంది" అని యామిలే ఎంత చెప్పినా నూబియా చెవికెక్కలేదు. బొగ్గు గనిలో ఊపిరి పోగొట్టుకున్న నాన్న ఇలాంటి వార్డులోనే, బాత్రూంకి వెళ్దామని లేచి నిలబడి, ఆమె చేతుల్లోనే ఒరిగిపోయాడు. పడుకున్నంతసేపూ బతికే ఉన్నాడు...

వరండా చివర మెట్ల దగ్గర ఉంది అమ్మ. కమ్మీ పట్టుకుని, వణుకుతూ. చక్రాల బండి మీద చిన్న సిలిండర్, వేలికి ఆక్సిజన్ అంకె చూపే క్లిప్పు. పక్కనే యామిలే.

"మా అమ్మని చంపేద్దామనుకుంటున్నారా?"

"నేను లేపలేదు నూబియా. ఆవిడే కబురు పెట్టారు."

"ఎందుకమ్మా మీకీ పిచ్చి?"

ఎర్సీలియా ఊపిరి కూడదీసుకుంది. "నిన్న... ఫోన్లో విన్నాను. బడిలో వంట పని... మానేస్తున్నానన్నావు."

"మానక? ఇంట్లో మిమ్మల్ని ఎవరు చూస్తారు?"

"నీ పిల్లల్ని... ఎవరు చూస్తారు? నేను మంచం పడితే... నిన్నూ దానికే కట్టేసినట్టు. మీ నాన్న మంచానికి... నేనట్లా కట్టుబడి ఉన్నాను. నీకొద్దు."

"మీరు భారమని నేనెప్పుడైనా అన్నానా?"

"అనవు. అందుకే... నా భయం."

నూబియా అమ్మ పాదాల వైపు చూసింది. అమ్మ కోసం తను చేసిందంతా అమ్మను కిందికి లాగిందా? లేక నాన్నలా ఇప్పుడే ఈ మెట్ల మీదే...

"వద్దమ్మా. పడిపోతారు."

"నాకూ భయమే పిల్లా. మోకాళ్ళు చూడు."

గౌను కింద మోకాళ్ళు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి.

నూబియా గబగబా పై మెట్టెక్కి, తల్లికి ఎదురుగా రెండు చేతులూ చాచి నిలబడింది.

"ముక్కుతో పీల్చండి ఎర్సీలియా గారూ. బూడిద లేవకుండా నిప్పు ఊదినట్టు మెల్లగా వదలండి. వదిలేటప్పుడే అడుగు" అంది యామిలే.

ఎర్సీలియా పెదవులు సున్నాలా చుట్టి ఊదింది. ఒక మెట్టు... ఇంకొకటి. క్లిప్పు మీద అంకె పడిపోసాగింది. పెదవులు నల్లబడ్డాయి. కళ్ళు పెద్దవయ్యాయి. నాన్న ఆఖరి చూపు అచ్చం అదే!

నూబియా ముందుకు వంగింది.

"ముట్టుకోకండి నూబియా. మీరు అక్కడే ఆగండమ్మా, ఊదుతూ ఉండండి" అంది యామిలే, తన చేతిని ఎర్సీలియా వీపు వెనకే ఉంచి.

ఎర్సీలియా కమ్మీకి ఒరిగి ఊదింది. మళ్ళీ ఊదింది. వరండా అంతటా ఆ ఈల చప్పుడే. ఎంతసేపైందో నూబియాకు తెలియదు. తన ఊపిరే బిగబట్టుకుని ఉంది.

అంకె కదిలింది. పైకి.

పెదవులకు మెల్లగా రంగొచ్చింది. మాట్లాడే శక్తి లేక, ఎర్సీలియా కమ్మీ మీదనుంచి ఒక చెయ్యి తీసి, గుమ్మానికి అడ్డొచ్చిన కోడిపిల్లను తోలినట్టు కూతురి వైపు విదిలించింది.

నూబియా దారిచ్చింది.