చల్లగదిలో పీహెచ్

మందు శుద్ధిచేసే కాలమ్ ఆపరేటర్‌ని ఉదయం తొమ్మిదింటికి, టీకప్పు చేతిలో ఉండగానే కాల్చేశారు. సైలెన్సర్ వాడారు. కప్పు పగల్లేదు.

పదింటికల్లా ఆ ఫొటోని ఏజెంట్ పదిహేడు ముందుకు తోశాడు చీఫ్. పదిహేడు దాన్ని చూసి, ఏమైనా అనిపిస్తుందేమోనని కాసేపు ఆగాడు. ఏమీ అనిపించలేదు. కొన్నేళ్ళుగా ఇంతే. మత్తుసూది వేసిన చిగుళ్ళని నాలుకతో తడుముకున్నట్టు, తనని తాను తడుముకుంటూ ఉంటాడు.

"సీరంలో విదేశీ ముఠా విషం కలిపింది," అన్నాడు చీఫ్. "మందూ ప్రొటీనే, విషమూ ప్రొటీనే. వడగడితే విడిపోవు."

"కాలమ్‌లో విడిపోతాయి సార్. లోపలున్న రెజిన్ పూసలకి చార్జ్ ఉంటుంది. మందు వాటిని పట్టుకుంటుంది. విషం పట్టుకోదు, బఫర్ ద్రావణంతో కడిగితే డ్రైనేజీలోకి పోతుంది. తర్వాత ఉప్పునీళ్ళు పంపితే మందు పట్టు వదిలి సీసాలోకి దిగుతుంది." వేరే రహస్య మిషన్‌లో, వేరే పేరుతో, ఆరేళ్ళు అతను చేసిన పని అదే.

"ఈసారి విషం కూడా పట్టుకునేలా ఏదో చేశారు. పన్నెండింటికి ఉప్పునీళ్ళ పంపు దానంతటదే ఆన్ అవుతుంది, ఆపడానికి లేదు. పారబోద్దామంటే ఉన్నది ఈ ఒక్క బ్యాచే. మొదటి డోసు వార్డులో నాలుగో మంచానికి."

"తెలుసు. మా అక్క."

చీఫ్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "లోపల మన ఏజెంట్ పాదరసం ఉంది. మనకీ వాళ్ళకీ పనిచేస్తుంది."

"ఇవాళ ఎవరికి?"

"అది నువ్వే కనుక్కో."

అతికించిన మీసం, చనిపోయినవాడి ఉన్నికోటు, జేబులో ఒక పెన్ను. దాని మొన ముంచితే పీహెచ్ చెబుతుంది. పదకొండింటికి ల్యాబ్‌లో అడుగుపెట్టాడు.

సిల్కు బ్లౌజు, ఎర్రటి పెదాలు, చేతిలో బీకరు. "మీ గడియారం ఆగిపోయిందా?" అంది పాదరసం.

"లేదు, నేనే ఆగిపోయాను."

కోడ్ సరిపోయింది. ఆ జవాబు రాసినవాడెవడో తనని బాగా ఎరిగినవాడే అనుకున్నాడు.

"ఇదిగో నీ బఫర్. పీహెచ్ ఎనిమిది. నామీద నమ్మకం లేకపోతే నువ్వే చూస్కో."

పెన్ను ముంచాడు. ఎనిమిదే.

"అనుమానం తీరిందా మీసాలాయనా? వెళ్ళి కాలమ్ కడుక్కో. నాకు పైన మీటింగుంది."

సీసా ఎత్తుకుని కారిడార్‌లోకి వచ్చాక అతని నడక ఆగింది. సీసా అరచేతికి చల్లగా తగలట్లేదు. కాలమ్ ఉండేది నాలుగు డిగ్రీల చల్లగదిలో. ఈ రకం బఫర్ చల్లబడితే పీహెచ్ పెరుగుతుంది. అందుకే పాత ఆపరేటర్లెవరూ వెచ్చటి గదిలో కొలిచిన అంకెని నమ్మరు, చల్లగదిలో మళ్ళీ కొలుస్తారు. ఇవాళ కూడా కొలిచి ఉండేవాడే, బతికుంటే.

చల్లగదిలో ఉదయం నుంచీ కాలమ్‌లోకి పారుతున్న ఆమె బఫర్‌లో పెన్ను ముంచాడు. ఎనిమిది పాయింట్ ఆరు. ఆ కాస్త తేడాకే విషం చార్జ్ మారిపోయి, మందు పక్కనే పూసల్ని కరిచిపట్టుకుని కూర్చుంది. ఉప్పునీళ్ళు తగిలితే రెండూ కలిసే దిగుతాయి.

ఆ బఫర్‌లోనే ఆసిడ్ చుక్కచుక్కగా వేసి కలిపాడు. ఎనిమిది పాయింట్ మూడు. పాయింట్ ఒకటి. ఎనిమిది. పంపు వేగం పెంచాడు. కాలమ్‌లోంచి ఏం బయటికొస్తోందో చూపే తెరమీద గీత కొండలా లేచింది. పూసల్ని వదిలేసిన విషం డ్రైనేజీలోకి పోతోంది. ఆ గీత కిందికి దిగి నేలని తాకాలి. పన్నెండుకి నాలుగు నిమిషాలుంది.

"పక్కకి జరుగు."

సీసాల అర వెనక నుంచి పాదరసం బయటికొచ్చింది. చేతిలోని లిప్‌స్టిక్‌కి మూత లేదు. లోపల ఉన్నది రంగు కాదు, తుపాకీ గొట్టం.

"ఇంకా కడగాలి," అన్నాడు.

"కాల్చేస్తాను."

"సరే."

అతను తెరనే చూస్తున్నాడు. అక్క చిన్నప్పుడు తన చెవి మెలిపెట్టి స్కూలుకి లాక్కెళ్ళడం గుర్తుచేసుకున్నాడు. చెవి గుర్తొచ్చింది గాని నొప్పి గుర్తురాలేదు.

తుపాకీ పేలలేదు. వెనక్కి తిరిగి చూశాడు. ఆమె వేళ్ళు నీలంగా కొంకర్లు పోయి ఉన్నాయి. వేరే దారిన ముందే వచ్చి, అతను కనిపెట్టలేడేమోనని చూస్తూ అరగంట నుంచీ సిల్కు బ్లౌజుతో ఇక్కడే నక్కి ఉంది. బఫర్‌ని చలి ఏం చేస్తుందో లెక్కగట్టింది గాని, తనని ఏం చేస్తుందో లెక్కగట్టలేదు.

లిప్‌స్టిక్ తీసుకుని జేబులో వేసుకున్నాడు. తన ఉన్నికోటు విప్పి ఆమెకి కప్పి, ఆ తర్వాత బేడీలు వేశాడు.

"నీకసలు భయమెయ్యదా?" పళ్ళు కటకటలాడుతుండగా అడిగింది.

"వేస్తే చెప్తాను."

గీత నేలని తాకింది. ఒక్క సెకను తర్వాత ఉప్పునీళ్ళ పంపు క్లిక్‌మంది. మందు సీసాలోకి దిగసాగింది.

చీఫ్ ఫోన్ చేశాడు. "పాదరసం ఏమైనా చెప్పిందా?"

"చలేస్తోందంది సార్."

మర్నాడు వార్డులో నాలుగో మంచం మీద అక్క కళ్ళు తెరిచింది. అతన్ని కింది నుంచి పై దాకా చూసింది.

"మూడ్రోజుల నుంచి చావుబతుకుల్లో పడుంటే ఇప్పుడా రావడం? పనీపాటా లేనివాడివి, నీకేం అడ్డమొచ్చిందిరా?"

పదిహేడు మంచం పక్కకి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"బస్సు దొరకలేదక్కా," అన్నాడు.