ఎర్ర కళ్ళు లేని అయ్యవారు

"ఎవురు తియ్యమన్యారు?"

కిటికీ చుట్టూ అంటించిన టేపును గీకుతున్న లింబాద్రి చెయ్యి ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే, చీపురు పట్టుకుని, కనుబొమలు ముడిచి, రెడ్డెమ్మ.

"యుద్ధం అయిపాయె కదమ్మా. ఇగ గ్యాసు రాదు, బాంబులు రావు. జర గాలన్న రానియ్యి."

"అయిపోయిందని నాకెవురూ చెప్పలే."

"రేడియో చెప్పింది, టీవీ చెప్పింది. ఇగ నేనొక్కణ్ణే మిగిలిన. నేను గూడ చెప్తున్న. అయిపోయింది!"

రెడ్డెమ్మకు నవ్వొచ్చింది. "సరేన్నా, తియ్యి."

"అన్నా అనకు తల్లీ! గది తప్ప ఏమన్న అను."

అరబ్బు దేశపు అల్ ఖోబర్ ఊళ్ళో, అజీజియా పేటలోని ఆ ఇల్లు హైదరాబాదు డాక్టరు హమీదున్నీసాది. రాయచోటి దగ్గరి పల్లె నుంచి వచ్చిన రెడ్డెమ్మ అక్కడ ఇంటిపని చేసేది. లింబాద్రిది ఆర్మూరు వైపు. ఆ వరసలోని ఇళ్ళన్నిటికీ ఏసీలు, కుళాయిలు బాగుచేసే కంపెనీ మనిషి. టేపు తీసిన రోజు నుంచి ఎందుకో ఆ ఇంటి ఏసీకి మాటిమాటికీ జబ్బు చేసేది.

ఒక శుక్రవారం సాయంత్రం, ఎప్పుడో గాని పడని వాన ఆ ఊరిమీద పడుతుంటే, డాక్టరమ్మ అద్దెకు తెచ్చిన సినిమా క్యాసెట్ వీసీఆర్‌లో ఇరుక్కుంది. లింబాద్రి వచ్చి దాన్ని విడిపించాడు. సినిమా చూసి పొమ్మంది డాక్టరమ్మ.

తెరమీద ఒక స్వామి. ఎర్రటి కళ్ళు, చుట్టూ పొగ. ఆయన వేలు చూపిస్తే చాలు, ఆడపిల్లలు నిద్దట్లో నడిచినట్టు నడిచి వెళ్తున్నారు.

లింబాద్రి పకపకా నవ్వాడు. "గింత పిచ్చోళ్ళు యాడన్న ఉంటరా డాక్టరమ్మా?"

రెడ్డెమ్మ చివాలున లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అతను గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "నువ్వు గూడ స్వాముల భక్తురాలివా ఏంది? తప్పుగ అంటే..."

"భక్తురాలిని కాదు. ఆ పిచ్చిదాన్ని నేనే."

అతని ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"మా అయ్యవారికి ఎర్ర కండ్లు లేవు. గొంతు పెంచి మాట్లాడినోడు గాదు. మాయమ్మ పోయినప్పుడు, అన్నం తిన్యావా పాపా అని అడిగింది ఆయనొక్కడే. ఆ మాటకే ఆయన ఆశ్రమానికి పోయినా. కొన్నాళ్ళకు ఆయన అడిగితే తప్ప ఆకలి గూడా ఎయ్యలే. తల దువ్వుకోవాలన్నా ఆజ్ఞ కావల్ల. పెద్ద యుద్ధమొచ్చి లోకం మునిగిపోతాదని చెప్పేటోడు. ఈడ సైరన్ మోగినప్పుడల్లా అదే అనుకున్యా."

అందుకే ఆ రోజు టేపు తియ్యబోతే అడ్డుపడిందని లింబాద్రికి అప్పుడు అర్థమైంది.

"సినిమాల్లో అయితే హీరో ఒక్క చెంపదెబ్బ కొడితే పిల్లకు తెలివొస్తాది. మా పిన్నమ్మ నన్ను బయటికి తెచ్చి ఏండ్లయింది. ఇప్పటికీ టీలో చక్కెర ఎంతో ఎవురన్నా చెప్పల్ల నాకు."

లింబాద్రి పొయ్యిమీది టీని గ్లాసులో వంచి, ఎంతో చెప్పకుండా చక్కెర డబ్బా ఆమె ముందుకు జరిపాడు. రెడ్డెమ్మ ఒక చెంచా వేసుకుంది. ఆగింది. ఇంకో చెంచా వేసుకుంది. బయట వాన జోరందుకుంది.

తర్వాతి వారం అతను ఏ జబ్బూ లేని ఏసీని విప్పుతూ అన్నాడు. "గా దూరపు తబూక్ ఊర్ల కొత్త పని ఉన్నది. ఎవరు పోతరని కంపెనీల అడుగుతున్నరు. సెలవుకు ఊరికి పోయి పెండ్లి చేసుకుందాం. తర్వాత తబూక్‌కే పోదాం. ఏమంటవ్?"

రెడ్డెమ్మ తల వంచుకుంది. "మీరెట్ల చెప్తే అట్ల."

లింబాద్రి స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు. "గట్లయితే వద్దు."

"ఏం? నేనేమన్యా?"

"మీ అయ్యవారి కుర్సీల నన్ను కూసోబెడుతున్నవ్. నేను కూసోను."

వెళ్ళిపోయాడు. రెడ్డెమ్మ కాసేపు ఏడ్చింది. తర్వాత ఉల్లిపాయలు తరుగుతుంటే కోపం వచ్చింది. ఎవరూ రమ్మనకుండానే వచ్చిన కోపం. అది తనదేనని తెలిసి ఆమెకే వింతగా తోచింది.

"డాక్టరమ్మా, నేనేం చెయ్యల్ల?" జరిగిందంతా చెప్పి అడిగింది.

హమీదున్నీసా పేపరు దించలేదు. "నన్ను అడగకు బేటీ. నేను చెప్తే మళ్ళీ ఆ అయ్యవారి కథే అవుతది. నువ్వు ఏం అనుకున్నా నా దువా, నా దీవెన దానికే."

లింబాద్రి ఈసారి నిజంగానే చెడిపోయిన కుళాయి కోసం వచ్చాడు. రెడ్డెమ్మ వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. డాక్టరమ్మ హాల్లోకి వెళ్ళి టీవీ గొంతు పెంచింది.

"తబూక్‌కి నేను రాను."

లింబాద్రి ముఖం వాడిపోయింది. "మంచిది."

"మాట పూర్తిగా ఇనండి. ఈడ నా పని నాకు ఇష్టం, డాక్టరమ్మ ఇష్టం. తబూక్ వద్దు. పెండ్లి కావల్ల. మీరు ఖోబర్‌లోనే ఉండల్ల."

లింబాద్రి గోడకు చేరగిలబడి నవ్వాడు. "కంపెనీకి రానని ఇయ్యాల్నే చెప్తా. ఇంకేమేం వద్దో గది గూడ చెప్పు."

రెడ్డెమ్మ అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. "ఆ మీసం."

అతను గబుక్కున మీసాన్ని అరచేత్తో కప్పుకున్నాడు. "గిదొక్కటి ఉండనియ్యవా?"

"ఆలోచించి చెప్తా," అంది రెడ్డెమ్మ.