బూత్‌లో కూర్చున్నదెవరు?

ఆ ఉదయం లక్ష్మీదేవమ్మ జొన్నరొట్టెలు మూట కట్టుకుని ఊతకర్ర అందుకునేసరికి కొడుకు కుళ్ళాయప్ప గడపకు అడ్డంగా కూర్చుని ఉన్నాడు. బెళుగుప్పకు అనంతపురం బస్సు వచ్చే వేళయింది. ఆరేళ్ళు వాయిదాలకు తిరిగిన కేసులో ఈరోజు ఆమె బోనెక్కాలి.

పోలియోతో చిన్నప్పుడే ఆమెకు ఎడమకాలు పడిపోయింది. భర్త పోయాక వికలాంగుల కోటాలో ఎస్టీడీ బూత్ లైసెన్సు వచ్చింది. ఆమె గానీ ఇంట్లోవాళ్ళు గానీ నడపాలి, బయటివాళ్ళకు అప్పగించకూడదని షరతు. కరువుకు బళ్ళారికీ బెంగుళూరుకూ వలసపోయినవాళ్ళు ఆమె బూత్‌కే ఫోన్ చేసేవాళ్ళు. కాన్పు కబురైనా, చావు కబురైనా ఆమె నోటి నుంచే ఇంటివాళ్ళకు తెలిసేది.

1999లో కాలి ఆపరేషనుకు పోయి ఇరవై రోజులకు తిరిగొస్తే బూత్‌లో లైను లేదు. బయటివాళ్ళకిచ్చి మోసం చేసిందంటూ టెలిఫోన్ అధికారులు లైసెన్సు రద్దు చేశారు. ముందు నోటీసూ లేదు, ఆమె మాట విన్నదీ లేదు. గిట్టనివాళ్ళెవరో అధికారులకు అబద్ధం రాశారనుకుని, టెలిఫోన్ శాఖ ఒప్పందం మీరినందుకు నష్టపరిహారం ఇప్పించమని ఆమె కోర్టుకెక్కింది.

"ఇంక ఇడ్సిపెట్టు మా. అందరి చేతుల్లో సెల్లులొచ్చినాయి. గెల్సినా బూత్‌కు ఎవరొస్తారు?" అన్నాడు కుళ్ళాయప్ప.

తను తిరుగుతున్నది బూత్ కోసం కాదనీ, మోసం అనే ఆ ఒక్క మాట కొట్టేయించడానికనీ ఆమె మరోసారి చెప్పి లేవమంది. అతను లేవలేదు.

"వాళ్ళు రాసింది అబద్ధం గాదు మా," అన్నాడు నేల చూస్తూ. "నువ్వు ఆస్పత్రిలో ఉన్నెప్పుడు మన ఊరి ఎర్రన్నతో అడ్వాన్సు తీసుకోని బూత్ బాడుగకిచ్చినా. ఆ దుడ్లతో బోరేయించినా. దుమ్ము తప్ప చుక్క నీళ్ళు పడలేదు."

లక్ష్మీదేవమ్మ గోడకు ఆనుకుంది.

"ఆరేండ్లు నన్ను దొంగదాన్నంటాంటే పక్కనే నిలబడి ఇన్నావు గదరా."

"చెప్పల్లనే వస్తాంటి మా. నీ మొగం జూస్తే నోరు రాకపాయ."

ఆమె కళ్ళు తుడుచుకుని ఊతకర్ర సరిచేసుకుంది. "లెయ్. నేను తెలీక చెప్పిందానికి తప్పు లేదు. తెలిసినాక అబద్ధమాడను. ఆ మాట నీ నోటితోనే ఆడ చెప్పు."

బస్సులో తల్లీకొడుకులు వేరువేరు సీట్లలో కూర్చున్నారు.

కోర్టులో సంగతి విని వాళ్ళ వకీలు తల పట్టుకున్నాడు. అయినా కుళ్ళాయప్ప బోనెక్కి జరిగిందంతా చెప్పాడు. అమ్మకేమీ తెలియదని రెండుసార్లు అన్నాడు. అవతలి వకీలు కేసు ముగిసిందన్నట్టు కూర్చున్నాడు. జడ్జి మాత్రం నోటీసు ఎక్కడని ఆయన్ను అడిగాడు. అది ఇచ్చినట్టు ఒక్క కాగితమూ లేదు.

రెండు నెలలకు తీర్పు వచ్చింది. షరతు మీరినందున లైసెన్సు తిరిగి ఇప్పించలేమన్నారు. సంజాయిషీ అడగకుండా తీసేయడం కూడా ఒప్పందాన్ని మీరడమేనని కొద్దిపాటి పరిహారం ఇప్పించారు. లక్ష్మీదేవమ్మ మోసం చేసిందనడానికి ఆధారం లేదనీ, ఆ మాట రికార్డుల్లోంచి తొలగించాలనీ రాశారు.

ఆమె ఆ వాక్యాన్ని వకీలుతో మళ్ళీ చదివించుకుంది. కోర్టు వరండాలో స్తంభం పక్కన కొడుకు మొహం తిప్పుకుని ఏడుస్తున్నాడు. ఆమె మెల్లగా నడిచిపోయి, ఊతకర్రను స్తంభానికి ఆనించి, రెండు చేతులా అతని భుజం పట్టుకుంది.

"నన్ను పట్టుకోప్పా," అంది. "మెట్లు దిగల్ల."