ఆ మాటకి అర్థం

"ఔట్!" అంటూ మధులత వచ్చి తన వీపు మీద చెయ్యి వెయ్యగానే నాగశ్రీ నోట్లోంచి ఆ బూతుమాట జారింది.

ఖోఖో ఆట ఆగిపోయింది. మధులత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వరండాలో ఉన్న హెడ్మాస్టరు శ్రీరామ్మూర్తి గారు ఆ మాట విన్నారు.

"మిషన్ స్కూల్లో ఇవేం మాటలు? టీసీ ఇచ్చి పంపించేద్దాం," అన్నారు ఆయన, ఐదో తరగతి టీచరు ఆశాజ్యోతితో.

"ఆ మాటకి మన బడిలో చోటు లేదు సార్. పిల్లకి మాత్రం ఉంది. దగ్గరికి వచ్చినవాళ్ళని యేసుప్రభువు తోసెయ్యలేదు కదా. నేను మాట్లాడతాను," అన్నారు టీచరు.

టీచరు పక్కకి పిలిస్తే వచ్చిన నాగశ్రీకి భయం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. ఒక్క మాటకి ఇంత గొడవా?

"టీచర్, ఆ మాటకి అర్థమేటి?"

టీచరు ఆమె ముఖంలోకి చూశారు. పిల్ల నిజంగానే అడుగుతోంది.

"తెలీకుండానే అన్నావా?"

"మా పేటలో అందరూ అంటారు టీచర్. మా నాయనమ్మ కూడా అంటాది."

"పొద్దున ప్రార్థనలో దేవుణ్ణి పొగిడింది ఈ నోరే కదమ్మా? అదే నోటితో, ఆ దేవుడు చేసిన మనిషిని తిట్టొచ్చా? అర్థం మీ నాయనమ్మనే అడుగు."

సాయంత్రం జాలరిపేటలో నాయనమ్మ పోతమ్మ చేపల బుట్ట కడుగుతోంది. నాగశ్రీ ఆ మాట చెప్పి, అర్థం అడిగింది.

పోతమ్మ చేతులు ఆగిపోయాయి. "ఓలమ్మా! ఎవుల్నన్నావే?"

"మధులతని."

"అది ఆ పిల్లకి కాదే, దాని తల్లికి తగుల్తాది. తల్లిని అనే సెడ్డ మాటది."

"మరి నువ్వెందుకంటావు?"

పోతమ్మ బుట్ట పక్కన పెట్టింది. "కోపమొత్తే వచ్చేత్తాదే. ఎవులమ్మని అంటన్నానో నానెప్పుడూ ఆలోసించలేదు," అంది మెల్లగా.

నాగశ్రీకి మధులత వాళ్ళమ్మ పద్మావతి ఆంటీ గుర్తొచ్చింది. మొన్న వానలో ఆంటీ తనని కూడా గొడుగులోకి లాక్కుంది. తడిసిన తన జడని చున్నీతో తుడిచింది. ఆ ఆంటీనా తను అంత మాట అంది? ఆ పూట నాగశ్రీకి అన్నం సయించలేదు.

మర్నాడు బడి గేటు దగ్గర పద్మావతి స్కూటీ ఆపింది. మధులత దిగి, నాగశ్రీని చూడనట్టే లోపలికి నడిచింది.

నాగశ్రీ పరుగున స్కూటీ దగ్గరికి వెళ్ళింది.

"ఆంటీ, నిన్న మిమ్మల్ని చెడ్డ మాట అన్నాను. సారీ ఆంటీ."

"నన్నా? నిన్న నేనసలు ఇటు రానేలేదు కదమ్మా!"

మధులత ఇంట్లో ఏమీ చెప్పలేదని నాగశ్రీకి అప్పుడు అర్థమైంది. లోపలికి వెళ్తున్న మధులత కూడా ఆగి, వెనక్కి తిరిగింది.

"మీరు లేరు. అయినా అది మిమ్మల్నే అన్నట్టంట ఆంటీ. నాకు నిన్నే తెలిసింది."

"ఇంతకీ ఏ మాటమ్మా అది?"

నాగశ్రీ తల అడ్డంగా ఊపింది. "ఇంక నాను అననాంటీ. మీరడిగినా అనను."