పదకొండు మంది, ఒక బెంచీ

పార్కులో, జనాన్ని సీట్లలో పైకి లేపి ఒక్కసారిగా కిందికి వదిలే డ్రాప్ టవర్ ముందు ఒక అమ్మాయి అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తోంది. నాలుగు అడుగులు వేస్తోంది, ఆగుతోంది, మోకాలి మీద చెయ్యి ఆనించి నిలబడుతోంది. మళ్లీ నాలుగు అడుగులు. ఇంకో చేతిలో స్టాప్‌వాచ్ ఉంది.

టవర్ మెట్ల మీద బోల్టులు చూస్తున్న మెకానిక్ దిగి వచ్చాడు.

“కాలు బెణికిందా అండీ? ఫస్ట్ ఎయిడ్ వాళ్లని పిలవనా?”

“నాకేం కాలేదు. నడిచేది మా నానమ్మ.”

అతను ఆమె వెనక్కి చూశాడు. ఎవరూ లేరు.

“నానమ్మ ఇంట్లో ఉంది,” అందామె. “ఆవిడ నడక నేను నడుస్తున్నా. గేటు నుంచి ఇక్కడికి నాకు ఆరు నిమిషాలు, ఆవిడకి పంతొమ్మిది. మీరు పక్కకి తప్పుకుంటే ఇరవై కాకుండా ఉంటుంది.”

అతను తప్పుకున్నాడు.

ఆమె బస్సు డిపోలో టైంటేబుల్ వేస్తుంది. నలభై రూట్లు ఆమె కాగితం ప్రకారమే కదులుతాయి. వచ్చే ఆదివారం ఇంటిల్లిపాదీ, మొత్తం పదకొండు మంది, ఈ పార్కుకి వస్తున్నారు. ఆ ప్లానూ ఆమెదే.

పోయిన ఏడాది జూకి వెళ్లినప్పుడు నానమ్మని ఒక బెంచీ మీద కూర్చోబెట్టి, చుట్టూ సంచులు పేర్చి అందరూ వెళ్లిపోయారు. నాలుగు గంటల తర్వాత తిరిగి వచ్చారు. ఈసారి తండ్రి “అమ్మ ఇంట్లోనే ఉంటుందిలే, ఎందుకు శ్రమ” అన్నాడు. “అయితే నేనూ రాను” అంది ఈమె. రెండు రోజులు వాదులాట అయ్యాక ఆయన ఒక షరతు పెట్టాడు. అమ్మ ఒక్కసారి “అలిసిపోయాను” అంటే చాలు, అందరూ ఇంటిదారి పట్టాలి. ఆవిణ్ణి బయటికి తీసుకెళ్లే మాట ఇంకెప్పుడూ ఎత్తకూడదు.

ఇదంతా మెకానిక్ అడిగితే చెప్పింది. అతను ఆదివారం ప్లాన్ రాసిన కాగితం తీసుకుని చూశాడు.

“పదకొండూ పదికి బొమ్మ రైలు, పన్నెండుకి పడవ, ఒకటీ పదికి అక్వేరియం. ఇందులో నానమ్మగారు ఊపిరి పీల్చుకునేది ఎప్పుడండీ?”

“రెండూ పదిహేనుకి.”

“ఆవిడకేం కావాలో ఆవిణ్ణి అడిగారా?”

“బస్సెక్కేవాళ్లందర్నీ అడిగి టైంటేబుల్ వెయ్యం.”

“అందుకేనా నేను రోజూ స్టాపులో గంట నిలబడేది?”

“ఏ రూటు?”

“ఇరవై రెండు.”

“దానికి ముప్పై అయిదు నిమిషాలకో బస్సుంది.”

“కాగితం మీద ఉందండీ.”

ఆమె కాగితం లాక్కుని వెళ్లిపోయింది. మంగళవారం మళ్లీ వచ్చింది. టవర్ కింద నిలబడి, అతను దిగేదాకా ఆగింది.

“నానమ్మని అడిగాను. రైళ్లూ వద్దట, పడవలూ వద్దట. బెంచీయే కావాలట. పోయినసారి ఒంటరిగా సంచులకి కాపలా ఉండటమే నచ్చలేదట. వచ్చే పోయే జనం మొహాలు చూస్తూ కూర్చోవాలి, పక్కన మాట్లాడ్డానికి ఒక మనిషి ఉండాలి. అంతేనట.”

“అయితే ఇటు రండి.”

టవర్ నుంచి బయటికి వచ్చే దారికి ఎదురుగా ఒక బెంచీ ఉంది. పదకొండు నుంచి నాలుగు దాకా దాని మీద నీడ ఉంటుంది. సన్నగా వాన పడుతున్నా ఇద్దరూ కూర్చున్నారు.

“మీసం మెలేసుకుంటూ ఎక్కినవాళ్లు దేవుడికి దండం పెట్టుకుంటూ దిగుతారు,” అన్నాడతను. “చూస్తూ ఉండండి.”

నిజంగానే ఒకతను దండం పెడుతూ దిగాడు. అతని వెనక ఒకామె, భర్త చెయ్యి అనుకుని ఎవరి చెయ్యో పట్టుకుని చాలా దూరం నడిచింది. టైంటేబుల్ అమ్మాయి కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వింది. మెకానిక్ టవర్ సంగతి వదిలేసి ఆమెనే చూశాడు.

ఆమె కాగితం వెనక్కి తిప్పి కొత్త ప్లాన్ రాసింది. సంచులు లాకర్లో. నానమ్మ పక్కన అరగంటకొకరు.

“రెండు గంటలకి ఖాళీ ఉంది. అది మా అత్త వంతు, కానీ తిన్నాక ఆవిడ ఎక్కడున్నా నిద్రపోతుంది.”

“నాకు లంచ్ రెండుకే.”

ఆమె ‘మెకానిక్’ అని రాసింది.

“ఆదివారం టవర్ నడుస్తుందని మాటివ్వండి.”

“ఆదివారం పొద్దున చెక్ చేశాక ఇస్తా.”

“నాకిప్పుడు కావాలి.”

“ఇప్పుడిస్తే అది అబద్ధమవుతుంది.”

“మా డిపోలో అయితే మీకు ఉద్యోగం ఉండదు.”

“మీ బస్సులు నేల మీద తిరుగుతాయి కదండీ.”

ఆదివారం పదకొండున్నరకి నానమ్మ బెంచీ మీద కూర్చుంది. మొదటి వంతు బాబాయిది, రెండోది పిన్నిది. పన్నెండూ నలభైకి టవర్ ఆగింది. ఒక సీటు లాక్ పడినట్టు లైటు వెలగలేదు. ఎక్కినవాళ్లందర్నీ కిందే దింపేశారు. క్యూ చెదిరిపోయింది. నానమ్మ ఎదుట చూడటానికి ఒక్క మొహం లేదు.

తండ్రి వచ్చాడు. “అలిసిపోయావా అమ్మా?” అని అడిగాడు. నానమ్మ ఖాళీ దారి వైపే చూస్తోంది. ఆయన జేబులోంచి వ్యాన్ తాళాలు తీశాడు.

అమ్మాయి కంచె దగ్గరికి పరిగెత్తింది.

“ఎంతసేపు పడుతుంది?”

“చెప్పలేను,” అన్నాడు మెకానిక్.

“సుమారుగా?”

“సుమారుగా కూడా.”

“మా నాన్న తాళాలు తీశారు.”

“చూశాను. అయినా చెప్పలేను. బాగైతే ముందు నేను ఎక్కి చూస్తా. ఆ తర్వాతే ఎవరైనా.”

ఆమె తిరిగి వచ్చింది.

“ఏమన్నాడు?” అంది నానమ్మ.

“తెలిసేదాకా చెప్పనన్నాడు.”

“నయం. మీ తాతయ్య ‘ఇదిగో వచ్చేశా’ అని వెళ్లి దీపాలు పెట్టే వేళకి వచ్చేవాడు. కూర్చో, ఆ అబ్బాయి ఏం చేస్తాడో చూద్దాం.”

టవర్ ఎక్కాలని వచ్చిన ఇంటి పిల్లలు ఎటూ పోలేక బెంచీ చుట్టూ కూలబడ్డారు. వాళ్ల కోసం వచ్చిన తల్లిదండ్రులూ కూర్చున్నారు. పిన్ని లాకర్ నుంచి టిఫిన్ డబ్బాలు తెప్పించింది. అత్త నిద్ర మానేసింది. పొద్దున్నుంచి చూసిన మొహాలన్నీ నానమ్మ ఒక్కొక్కటే చేసి చూపించింది. ఆ పూట దండం పెట్టుకుంటూ దిగినవాడి దగ్గరికి వచ్చేసరికి తండ్రికి పొలమారింది. నీళ్ల సీసా అందుకోవడానికి ఆయన తాళాలు జేబులో వేసుకున్నాడు. ఒకటీ పదికి ఎవరూ అక్వేరియం ఊసెత్తలేదు.

ఒకటిన్నరకి మెకానిక్ ఆ సీట్లో ఒక్కడే పైకి వెళ్లి కిందికి వచ్చాడు. రెండుసార్లు.

“కళ్లు మూసుకోలేదు,” అంది నానమ్మ.

అతను చేతులు కడుక్కుని, తిన్నగా బెంచీ దగ్గరికి వచ్చి అమ్మాయి ముందు నిలబడ్డాడు.

“యాభై రెండు నిమిషాలు పట్టింది. లాక్ మార్చాం. ఇప్పుడు మాటిస్తున్నా.”

తండ్రి చేతిలోని స్పూను కింద పెట్టాడు.

“ఇంత పార్కులో ఇంతమంది జనం ఉండగా, ఆ అబ్బాయి వచ్చి నీకెందుకు చెప్తున్నాడమ్మా?”

ఆమెకి మూడు జవాబులు తోచాయి. రెండు అబద్ధాలు.

“ఆయనంటే నాకు ఇష్టం నాన్నా. ఆయనకింకా చెప్పలేదు.”

పది మొహాలు మెకానిక్ వైపు తిరిగాయి. అతని చెవి మీద గ్రీజు మరక ఉంది.

“ఇప్పుడు విన్నానండీ,” అన్నాడు.

“విని?” అంది నానమ్మ.

“మంగళవారం నుంచి చెబుదామనే ఉందండీ. ఖాయంగా తెలిసేదాకా ఆగాను.”

“ఏం తెలియాలి?” అన్నాడు తండ్రి.

“నా సంగతి నాకు తెలుసండీ. మీ అమ్మాయి సంగతి తెలియాలి.”

అమ్మాయి తల దించుకోలేదు. అతన్నే చూస్తోంది. తండ్రి ఇద్దర్నీ చూశాడు, తర్వాత తల్లి వైపు తిరిగాడు.

“ఏమంటావమ్మా? ఇంటికెళ్లి మాట్లాడుకుందామా?”

“వెళ్లేవాళ్లు వెళ్లండి. నేను ఈ అబ్బాయితో మాట్లాడాలి.” నానమ్మ జరిగి మెకానిక్‌కి చోటిచ్చి, కొడుకు వైపు తిరిగింది. “నువ్వు మాత్రం వెళ్లి ఆ టవరెక్కిరా నాన్నా. దిగేటప్పుడు నీ మొహం చూడాలని నాకు పొద్దున్నుంచీ ఉంది.”

పిల్లలు చప్పట్లు కొట్టారు. తండ్రి చొక్కా సర్దుకుని, మీసం దువ్వుకుని, క్యూలో మొదటివాడిగా నిలబడ్డాడు.