ముక్కు గిన్నె

గురువారం మధ్యాహ్నాలు హెస్టర్ ట్రెవిన్ చర్చి హాల్లో ఒక బల్ల వేసుకుని కూర్చునేది. కార్న్‌వాల్‌లో తగరపు గనులు మూతబడిన ఊరది. అటకల మీంచి దించిన, తగరం కలిపి పోతపోసిన పాత సత్తు సామాను జనం ఆమె దగ్గరకు తెచ్చేవాళ్ళు. ఏది దేనికి వాడేవారో చూసి చెప్పేది.

ఆ రోజు వాన. హాలంతా తడి కోట్ల వాసన. అందరూ వెళ్ళిపోయాక డెంజిల్ నాన్స్ ఒక అట్టపెట్టె మోసుకుంటూ వచ్చాడు. మంచాన పడ్డ మేనత్త లవ్‌డేని రెండేళ్ళు ఒక్కడే చూసుకున్నాడని ఊళ్ళో అతనికి మంచి పేరు. ఆవిడ పోయి నెలయింది. ఇల్లు అతనికే వచ్చింది.

"అత్త సామాను, హెస్టర్ గారూ. ఏది ఏమిటో చెబితే చాలు."

హెస్టర్ ఒక్కొక్కటే బయటికి తీసింది. "ఇది ఉప్పు గిన్నె. ఇది బీరు కొలిచే చెంబు. ఇదేమో మంచం కింద పెట్టుకునే ఉచ్చకుండ. పోయినవారం ఒకావిడ ఇలాంటిదాన్లోనే ఆపిల్ పళ్ళు పెట్టి చుట్టాలకిచ్చానంది. నేనేం మాట్లాడలేదు."

డెంజిల్ నవ్వాడు.

అడుగున ఇంకొకటి తగిలింది. అరచేతిలో పట్టేంత గిన్నె. పైన సగం మూత, పక్కన పొడుగాటి ముక్కు. వెచ్చగా ఉంది. ఎవరో ఇప్పుడే కింద పెట్టినట్టు.

"లేవలేని రోగులకు పాలూ గంజీ తాగించేది ఇది. ముక్కు మీద గాట్లు చూశావా? సత్తు మెత్తన, పన్ను దిగుతుంది. కానీ మామూలుగా తాగితే ఇంత లోతుగా పడవు. వద్దని పళ్ళు బిగించిన మనిషి నోట్లోకి ఎవరో బలవంతాన తోశారు."

తలెత్తింది. డెంజిల్ మొహంలో నెత్తురు లేదు.

"అది నేను పెట్టెలో పెట్టలేదు," అన్నాడు గుసగుసగా. "పాత గని గోతిలో పారేశాను. రెండుసార్లు..."

"ఎందుకు పారేశావు?"

డెంజిల్ కుర్చీలో కూలబడ్డాడు.

"మందు రెండు చుక్కలే వెయ్యమన్నాడు డాక్టరు. నేను సీసా అంతా పాలల్లో పోశాను. ఆవిడ... ఎంతకీ నోరు తెరవలేదు."

హెస్టర్ లేచింది. హాలు పక్కనున్న వంటగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఫోన్ తీసింది. పోలీసులు వస్తున్నామన్నారు.

అప్పుడు వచ్చింది వాసన. మాడిన పాల వాసన. పొయ్యి చల్లగా ఉంది.

హాల్లో కుర్చీ కిర్రుమంది. ఆపైన... గుటక.

"ఇంకొక్క గుక్క, నాయనా."

ముసలి గొంతు. ఎంతో లాలనగా. చర్చి పాటల్లో ఇరవై ఏళ్ళు తన పక్కన నిలబడి పాడిన లవ్‌డే గొంతు.

గుటక. లోహం మీద పళ్ళు గీసుకున్న చప్పుడు.

"అయిపోవచ్చింది... ఇంకొక్కటి."

హెస్టర్ తలుపు పిడి పట్టుకుంది. తిప్పితే చాలు.

తిప్పలేదు.

చప్పుళ్ళు ఆగిపోయాక తెరిచింది. డెంజిల్ కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. కళ్ళు పైకప్పు మీద. గిన్నె ముక్కు గొంతుదాకా దిగి ఉంది. అతని చేతులు రెండూ ఒళ్ళో, బుద్ధిగా.

పోలీసులూ అంబులెన్సూ వచ్చాక, ఇద్దరు మనుషులు పట్టి లాగితే గాని ఆ పళ్ళు వదల్లేదు. గిన్నె పొడిగా ఉంది.

అంబులెన్స్ అతను వంగి, డెంజిల్ మెడ వెనక ఏదో విప్పాడు.

"ఇది మీరే కట్టారా, అమ్మా?"

తెల్లటి చేతిరుమాలు. చొక్కా మీద చుక్క పడకుండా గడ్డం కింద జాగ్రత్తగా దోపి, వెనక ముడివేసి ఉంది. దాని ఇస్త్రీ మడతలింకా పోలేదు.