తలా రెండు

“ఇంతకుముందు మీ ఇంట్లో ఎవరైనా ఇదే మందు మొదలుపెట్టి మధ్యలో ఆపేశారా?”

డాక్టరమ్మ అడిగిన మాటకు రజితకు ఒళ్లు మండిపోయింది. ఐదు రోజులు! పొద్దున ఎనిమిదికి ఒకసారి, రాత్రి ఎనిమిదికి ఒకసారి... ఫోన్లో అలారం పెట్టుకుని మరీ బిడ్డ నోట్లో మందు వేసింది తను. ఒక్క పూట తప్పలేదు. అయినా తొమ్మిదేళ్ల హర్షిణి జనగామ దవాఖాన మంచం మీద, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో, ఊపిరి కోసం కొట్టుమిట్టాడుతోంది. బిడ్డను బస్సెక్కించి టౌన్ బడికి పంపి రోగం తెచ్చిపెట్టుకుందని ఆడబిడ్డ సోమక్క మానుకోట నుంచి ఫోన్లో దెప్పింది. మందు టైముకు వేశావా లేదా అని అత్త ముత్తమ్మ రోజుకు పదిసార్లు అడిగింది. భర్త సంపత్ అటూ చెప్పక ఇటూ చెప్పక గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. అందరి నోళ్లకూ తనే దొరికింది! ఇప్పుడు ఈ డాక్టరమ్మ కూడానా?

అలాంటిదేమీ లేదని రజిత విసురుగా చెప్పింది. డాక్టరమ్మ కోప్పడలేదు. పాప గొంతులోంచి తీసిన నమూనా హైదరాబాదుకు పంపితే ఫలితం వచ్చిందని, ఇది ఆ మందుకు లొంగని రకం ఫ్లూ అని నెమ్మదిగా చెప్పింది. ఒంట్లో చేరిన వైరస్ తనలాంటివాటిని లక్షల్లో పుట్టిస్తుందట. వాటిలో ఒకటో రెండో కాస్త తేడాగా పుడతాయట. సరిపడా మందు పడకపోతే, మధ్యలో ఆపేస్తే, లొంగేవి అణగిపోయి ఆ మొండివి మిగిలిపోయి పెరుగుతాయట. ఆ మనిషి దగ్గితే తుమ్మితే అవే పక్కవాళ్లకు అంటుకుంటాయట. ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తి లేనివాళ్లలో ఈ ప్రమాదం మరీ ఎక్కువట.

శక్తి లేనివాళ్లు... రజితకు చటుక్కున వెలిగింది. మామ కట్టయ్య!

రెండేళ్ల కింద కట్టయ్య కిడ్నీలు రెండూ చెడిపోతే ముత్తమ్మ తన కిడ్నీ ఇచ్చింది. “నాకు రెండున్నయ్ గద, తలా ఒకటి” అని ఆపరేషన్‌కు పోయేముందు నవ్విన మనిషి ఆమె. ఆ కిడ్నీ నిలవడానికి కట్టయ్య రోజూ మింగే మందులు ఒంటిని బలహీనం చేస్తాయని అప్పుడే చెప్పారు. ఇక ముత్తమ్మ సంగతి ఊరందరికీ తెలుసు. ఆ ఇంట్లోకి ఏది వచ్చినా ఆమె చేతుల మీదుగా తలా ఇంత కావలసిందే. ఒక్క సీతాఫలం దొరికినా నలుగురికి చేసి, తన వాటా మరిచిపోయే రకం!

రెండు వారాల కింద కట్టయ్యకు జ్వరం వచ్చింది. అదీ ఫ్లూనే అని, ఇదే మందు ఐదు రోజులకని పది గోలీలు రాశారు. రెండు రోజులు వేసుకునేసరికి పెద్దాయన లేచి కూర్చుని జొన్నరొట్టె అడిగాడు. అప్పటికే చూడవచ్చిన సోమక్కకు ఒళ్లు కాలుతోంది, సంపత్‌కు దగ్గు, రజితకు తలనొప్పి. ముత్తమ్మ మిగిలిన ఆరు గోలీల అట్టను కత్తెరతో కత్తిరించి ముగ్గురికీ తలా రెండు పంచింది. తనకంటూ ఒక్కటి ఉంచుకోలేదు...

రజిత వార్డులోంచి ఒక్క ఉదుటున బయటికి వచ్చింది. బెంచీ మీద వక్కాకు సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ముత్తమ్మ ముందు నిలబడి డాక్టరమ్మ చెప్పిందంతా గడగడా అప్పజెప్పింది.

“నీ పంచుడే నా బిడ్డ పానం మీదికి తెచ్చింది అత్తమ్మా,” అంది చివరికి. “వారం సంది నన్నే దొంగను జేసినవు గదా.”

ముత్తమ్మ మొహం పాలిపోయింది. “పెద్దమనిషి లేచి రొట్టె తిన్నడు. ఇగ ఆ గోలీలు పాడు జేసుడెందుకు, మీకన్న తగ్గుతదనుకున్న బిడ్డా...” అంది.

పక్కనే ఉన్న సంపత్ గొంతు సవరించుకున్నాడు. పత్తికి కూడా అంతేనట. మందు సగం డోసు కొడితే పురుగు మొండికేస్తుందట. ఆ మాట వినగానే రజిత కోపం మొగుడి మీదికి మళ్లింది. పదేళ్ల కాపురంలో అతని మీద గొంతెత్తని మనిషి, ఆ వేళ వరండాలో జనం చూస్తున్నా ఆగలేదు.

“పత్తి చేన్ల ఎరుకున్న ముచ్చట ఇంట్ల ఎందుకు యాదికి రాలే? పురుగుమందు డబ్బా మీద డోసు సదువుతవు. మీ బాపు మందు కత్తిరిస్తుంటే నోట్లె ఏం పెట్టుకున్నవు?”

సంపత్ తల వంచుకున్నాడు.

ఎవరి ఒంట్లో మారిందో, ఎవరి దగ్గుతో పాపకు అంటుకుందో కచ్చితంగా చెప్పలేమన్న డాక్టరమ్మ మాట రజితకు అప్పుడే గుర్తొచ్చింది. గుర్తొచ్చి నిలువునా నీరైపోయింది. పంచేటప్పుడు కోడలి వాటా ఎప్పుడూ ఆఖరున మిగిలిందే. ఆ రోజు మాత్రం ముత్తమ్మ మొదటి రెండు గోలీలూ రజిత అరచేతిలోనే పెట్టింది. తననూ ఇంటిమనిషిని చేసిందని కళ్లు తుడుచుకుని మరీ మింగింది తను! ఆ తర్వాత బిడ్డను గుండెలకు హత్తుకుని పడుకుంది. అత్తను తిట్టిన నోరు తనను తాను ఏమని తిట్టుకోవాలి? గోడకు తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది... ఏడ్చినా కోపం చల్లారలేదు.

ఆ కోపంతోనే సోమక్కకు ఫోన్ కలిపింది. గోలీలు మింగిన మర్నాడు సోమక్క తమ ఇంటి నుంచి తిన్నగా చిట్యాలలో పుట్టువెంట్రుకల దావత్‌కు పోయింది. అక్కడ ముగ్గురు మంచాన పడ్డారని, వాళ్లూ అవే గోలీలు తెచ్చుకుని మింగుతున్నారని ఇప్పుడు నసుగుతూ చెప్పింది. వాళ్లను వెంటనే దవాఖానకు పొమ్మని, జరిగింది దాచకుండా చెప్పమని రజిత గట్టిగా చెప్పింది. వాళ్ల ఫోన్ నంబర్లన్నీ రాసి డాక్టరమ్మ చేతిలో పెట్టింది.

హర్షిణికి మందు మార్చారు. అది నోటితో పీల్చే పొడి. వేరే రకం కాబట్టి ఈ మొండి వైరస్ దానికింకా లొంగుతుందని చెప్పారు. ఒక్కో పీల్పుకు బిడ్డ ఎంత అవస్థ పడిందో రజితకు తెలుసు, దేవుడికి తెలుసు! మూడో రోజుకు ఆక్సిజన్ తీసేశారు. నాలుగో రోజు, ఇంకొక్క రోజు మందు చేతికిచ్చి ఇంటికి పంపారు.

ఇంటికి వచ్చాక రజిత అత్తతో ఒక్క మాట మాట్లాడలేదు. ముత్తమ్మ కూడా మారిపోయింది. కూర గిన్నె జోలికి రాలేదు, ఎవరి కంచంలోనూ ఏమీ వడ్డించలేదు. తన చేతులంటే తనకే భయం పట్టుకున్నట్టు వాటిని కొంగులో చుట్టుకుని కూర్చుంది. మందు డబ్బాను మాత్రం తన తలాపునే ఉంచుకుంది. టైము కాగానే మనుమరాలి ముందు పెట్టి, ఆ పిల్ల పీల్చేదాకా కదల్లేదు.

మర్నాడు పొద్దున్నే సోమక్క రైలు దిగి, మూతికి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. తన చిన్న బిడ్డకు రాత్రి నుంచి జ్వరమట. ఆ పీల్చే మందు ఒక్క పూటకు ఇమ్మని గడపలోనే అడిగింది. లోపల బిడ్డకు తల దువ్వుతున్న రజిత చేయి ఆగిపోయింది. అత్త ఇస్తుంది... అడిగింది కన్నకూతురు, ఇయ్యక ఏం చేస్తుంది? ఇస్తే మాత్రం ఈ ఇంట్లో ఇక ఒక్క క్షణం ఉండనని పళ్లు బిగపట్టింది.

ముత్తమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

“లేదు బిడ్డా.”

“అవ్వా, నా పొల్ల నీ మనుమరాలు గాదా?”

“మనుమరాలే. గందుకే లేదంటున్న. దవాఖానకు తోల్కపో, దాని పానానికి ఏది పడ్తదో వాళ్లు రాస్తరు. రాసింది రాసినట్టు అయిపోయేదాక అదే తినాలె. గిది పంచేది గాదు.”

పుట్టి బుద్ధెరిగాక ముత్తమ్మ ఎవరికీ లేదని చెప్పి ఎరగదు! సోమక్క మంచినీళ్లయినా ముట్టకుండా ఏడుస్తూ వెళ్లిపోయింది. కూతురు సందు మలుపు తిరిగేదాకా నిటారుగా నిలబడిన ఆ మనిషి, ఆ తర్వాత తలుపు వెనక కూలబడింది. నడుము పక్కన కిడ్నీ తీసిన పాత కోత మీద చేయి పెట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రజిత కిటికీలోంచి అంతా చూసింది.

సాయంత్రం సోమక్కే ఫోన్ చేసింది. పిల్లకు పరీక్ష చేసి మందు మొదలుపెట్టారట, భయం లేదన్నారట. చిట్యాల వాళ్లలో ఇద్దరు తేరుకున్నారట. మూడో మనిషిని మాత్రం ఇంకా వరంగల్‌లోనే ఉంచారట. ఆ మూడో మనిషి ఎవరో రజిత అడగలేకపోయింది.

మందు డబ్బా ఖాళీ అయిన రెండో నాడు, హర్షిణి వాకిట్లో మంచం మీద కూర్చుని, సంపత్ చేను గట్టు నుంచి తెచ్చిన సీతాఫలాన్ని బాపమ్మ ముందుకు చాపింది. పంచమంది. ముత్తమ్మ చేతులు వెనక్కి తీసుకుంది.

రజిత కోపం పోలేదు. పోతుందో లేదో కూడా తెలియదు. అయినా లేచి వచ్చి, ముసలామె చేతులను కొంగులోంచి విడదీసి, పండును వాటిలో పెట్టింది.

“పంచు అత్తమ్మా. గిది పంచేదే. ఈసారి నీకు గూడ ఉంచుకో.”

ముత్తమ్మ కోడలి మొహం చూడలేక తల వంచుకుంది. పండు విప్పి అందరికీ తలా ఇంత పెట్టింది. ఆఖరి తొన మాత్రం, కళ్లనీళ్లు కారుతుండగా, తన నోట్లో వేసుకుంది.